రాబర్టు హుక్కు

దుకాణపు స్ప్రింగు త్రాసునకు మూలమైన సూత్రమును కనుగొనినవాడు రాబర్టు హుక్కు. ఇతడు 1635లో ఇంగ్లండునందలి వైటు ద్వీపమున నొక పాదిరికి జన్మించెను. బాల్యమున రోగపీడితుడు; అయినను ఇత్తడి గడియారమును చూచి కొయ్యతో నట్టిది చేసి నడపెనట! ఆక్సుఫర్డున బాయిలు పండితునకు గాలి తోడు యంత్రమును నిర్మించి యిచ్చెను. 1662లో రాయల్ సొసైటీవారు ప్రయోగములు చూపు పని నీతని కప్పగించిరి.

బరువు రెట్టింపైన స్ప్రింగు సాగుటయు రెట్టింపగును. మితిమీరి లాగినచో నీ నియమము చెల్లదు. హుక్కు దీనిని 1676లో తేటగా చెప్పక, లాటిను వాక్యపు 14 అక్షరములను తారుమారుచేసి ప్రకటించెను, 1678లోగాని విప్పలేదు. పరులు దొంగిలింతురని భయము. ఏలయన, 1675లో హాలండు పండితుడు హైగెన్సు, చక్రపు టూపును చుట్ట స్ప్రింగుతో క్రమపరచు గడియారమును ప్రకటించెను. అది తన పాత యూహయేయని హుక్కు మండిపడి, టాంపియనుచే నొక గడియారము చేయించి రెండవ చార్లెసు రాజునకు సమర్పించెను. కాని యేండ్లతరబడి దాచినవానిని లోకమెట్లు నమ్మును?

ఇట్టి స్ప్రింగులచే గడియారములు నిక్కముగా నడువసాగెను. 1707లో జాన్ ఫ్లోయరను వైద్యుడు నిమిషమునకు నాడి యెన్నిసార్లు కొట్టుకొనునో లెక్కింప ప్రత్యేకముగా నొకటి చేయించెను. హుక్కు 1703లోనే గతించెను. నిర్వివాదముగా నాయనదే యనదగిన చిత్తరువొక్కటియు నేడు లేదు.