నోటి తెలుగు, వ్రాత తెలుగు – బ్రౌన్ దొరగారి జీవితం

మాట తల్లి ఒడిలోనే వస్తుంది. వ్రాత మాత్రం కూర్చుని నేర్చుకోవలసిందే. కూటంలో గంటసేపు అనర్గళంగా మాట్లాడేవారు సైతం సంచికకు రెండు పుటలు వ్రాసిమ్మంటే వెనుకాడడం మనమందరం ఎరిగినదే. ఈ భేదాన్ని అనుభవపూర్వకంగా తెలిసికొన్న ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారిని ఈ శతవార్షిక సందర్భాన స్మరించుకొనడం సముచితమని తలచాము.

బ్రౌన్ గారు 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ గారు అక్కడి ఆంగ్లికన్ గురువు. 1812లో ఆయన గతించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. 1817లో బ్రౌన్ గారు కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చి తెలుగు మొదలుపెట్టారు. 1820లో కడప వెళ్లారు. కచేరీ పనులకు చాలినంత తెలుగు అలవడింది.

1822లో మన కృష్ణాతీరపు బందరుకు బదిలీ అయ్యారు. అక్కడ వేమన పద్యాలపై దృష్టి మళ్లింది. అయితే కచేరీ తెలుగు వచ్చినంత మాత్రాన తాటాకు మీది తెలుగు రాదు. మనం మాట్లాడేటప్పుడు ముఖం, చెయ్యి, గొంతు మాటకు సాయం వస్తాయి. అర్థం కాకపోతే ఎదుటివారు అడుగుతారు. తాటాకును అడగలేము. అందులో మాటకూ మాటకూ ఎడం ఉండదు. సంధి ఎక్కడ విడదీయాలో, పాదం ఎక్కడ ముగిసిందో చదివేవారే తెలిసికోవాలి. అందుకే దొరతనం పక్కనబెట్టి, బందరులో తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి గార్ల వద్ద శిష్యులై కూర్చున్నారు. ఫలితంగా 1827లో ఛందస్సుపై గ్రంథం, 1829లో ఇంగ్లీషు అనువాదంతో వేమన పద్యాలు వెలువడ్డాయి.

ఒకే కావ్యానికి ఒక ప్రతిలో ఒక మాట, మరొక ప్రతిలో వేరొక మాట కనబడేది. వ్రాయసగాండ్ర పొరపాట్లు తరతరాలుగా పేరుకొన్నాయి. బ్రౌన్ గారు కడపలో తమ బంగళాలోనే పండితులను జీతాలిచ్చి నిలిపి, ప్రతులు సరిచూపించి, కాగితాలపై శుద్ధప్రతులు వ్రాయించారు. ఇందుకై అప్పులపాలు కూడా అయ్యారు.

అయినా నోటి మాటను ఆయన చులకన చేయలేదు. 1852లో అచ్చయిన నిఘంటువులో కావ్యాల మాటలతోబాటు జనం నోట నలిగే మాటలకూ చోటిచ్చారు. విద్యార్థుల పాఠాలకై మామూలు ఉత్తరాలను, అర్జీలను కూడ సేకరించారు. తాతాచారి చెప్పిన కథలను 1855లో అచ్చు వేయించారు. ఉద్యోగం విరమించి లండనులో నివసిస్తూ 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయం వెలసింది.

ఈ జీవితం మనకు నేర్పే దొకటున్నది. వ్రాత రాకపోవడం బుద్ధి తక్కువ కాదు, అభ్యాసం తక్కువ మాత్రమే. పరదేశి నేర్చినది మనం నేర్వలేమా? మన పల్లెల్లో తొలి ప్రార్థనాలయాలకు మట్టి మోసినవారి కథలు ఇంకా కొందరు వృద్ధుల నోళ్లలోనే ఉన్నాయి. వారితోపాటు అవీ సమాధిలోనికి పోతే మరల రావు. కనుక మన యువజనులు వారి చెంత కూర్చుని, విన్నది విన్నట్లు వ్రాసి, తిరిగి వారికే చదివి వినిపించి, తప్పులు దిద్దుకోవాలని కోరుచున్నాము. తరువాతి శతవార్షిక సంచికకు మనం దాచి ఉంచవలసిన కానుక అదే.