దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (జూలై 15, 1909 - మే 9, 1981) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘసేవకురాలు, భారత రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా తెలుగువారికి సుపరిచితురాలు. కుటుంబ కలహాలను సాధారణ వ్యాజ్యాలవలె కాక, సలహాదారుల తోడ్పాటుతో పరిష్కరించే ప్రత్యేక న్యాయస్థానాలు మన దేశంలో ఉండాలని తొలినాళ్లలోనే కోరినవారిలో ఈమె ముఖ్యురాలు.

బాల్యం, వివాహం

దుర్గాబాయి రాజమండ్రిలో కృష్ణవేణమ్మ, బి.వి.ఎన్.రామారావు దంపతులకు జన్మించింది. బాల్యం కాకినాడలో గడిచింది. నాటి ఆచారం ప్రకారం ఎనిమిదవ యేటనే సుబ్బారావు అనే వ్యక్తితో వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో కొనసాగడానికి ఆమె నిరాకరించింది. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. ఆ రోజులలో ఇటువంటి అండ లభించిన ఆడపిల్లలు అరుదు.

ఈ కథ అక్కడితో ముగియలేదు. సుబ్బారావు మరొకరిని వివాహమాడి, 1941లో మరణించాడు. వితంతువైన ఆయన రెండవ భార్యను దుర్గాబాయి తరువాతి కాలంలో తన ఇంట ఉంచుకొని, వృత్తివిద్య నేర్చుకొనే ఏర్పాటు చేసింది. ఆమె చేసిన సేవాకార్యాలలో అంతగా ప్రచారం పొందనిది ఇదే కావచ్చు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినపుడు, పన్నెండేళ్లు నిండని దుర్గాబాయి దేవదాసీలు, ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకొనేందుకు ప్రత్యేక సభ ఏర్పాటు చేయించింది. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించింది కూడా.

కారాగారవాసం

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నందుకు అరెస్టయింది. 1933 వరకు మూడు పర్యాయాలు జైలుకు వెళ్ళింది. మదురై జైలులో సుమారు ఒక సంవత్సరంపాటు ఏకాంత నిర్బంధం అనుభవించింది. ఆ ఒంటరితనం ఆమె ఆరోగ్యాన్ని, ముఖ్యంగా నరాల సత్తువను బాగా దెబ్బతీసింది. విడుదలైన పిమ్మట కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఏకాంత నిర్బంధం మనస్సుకు కలిగించే గాయాన్ని నేటి మనోవైద్యులు విస్తారంగా వివరిస్తున్నారు. ఆ కాలంలో అటువంటి గాయానికి చికిత్స ఉంటుందన్న ఊహ కూడా సామాన్యులకు లేదు.

జైళ్లలో హత్యానేరంపై శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను ఆమె దగ్గరగా చూసింది. వారిలో పలువురు నిరక్షరాస్యులు. తమపై మోపిన అభియోగమేమిటో, తమను తాము ఎట్లా కాపాడుకోవాలో ఎరుగనివారు. న్యాయశాస్త్రం చదివి ఇటువంటివారికి తోడ్పడాలన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది.

విద్య, ఆంధ్ర మహిళా సభ

రాజకీయాలకు కొంతకాలం దూరమై, కాశీ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్, ఆపై ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, స్త్రీలకు వసతి గృహం లేదన్న అడ్డంకి ఎదురయింది. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనవంటి విద్యార్థినులను కూడగట్టి, వసతి గృహం ఏర్పడేట్లు చేసింది. పిదప మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాదిగా పనిచేసింది.

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. వితంతువులు, భర్తలు విడిచిపెట్టినవారు, చదువు మధ్యలో ఆగిపోయినవారు ఇక్కడ పరీక్షలకు చదువుకొనేవారు, చేతిపనులు నేర్చుకొనేవారు. ఈ సంస్థ పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులతో హైదరాబాదుకు కూడా విస్తరించింది. విద్యానగర్‌లోని ఆసుపత్రి ఆమె పేరుతోనే ఉంది.

సాంఘిక సంక్షేమ రంగం

రాజ్యాంగ సభలో అధ్యక్ష ఫలకంలో ఉన్న ఏకైక మహిళ దుర్గాబాయి. అనంతరం ప్రణాళికా సంఘంలో సభ్యురాలయింది. 1953 జనవరిలో ఆనాటి కేంద్ర ఆర్థికమంత్రి, భార్యను కోల్పోయిన చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. నెహ్రూ ఈ వివాహానికి సాక్షి. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయింది. 1958లో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా సమితికి అధ్యక్షత వహించింది.

కుటుంబ న్యాయస్థానాలు

చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించిన దుర్గాబాయి, తిరిగివచ్చి ఈ విషయాన్ని నెహ్రూతోను, న్యాయమూర్తులు ఎం.సి.చాగ్లా, పి.బి.గజేంద్రగడ్కర్‌లతోను చర్చించింది. అప్పట్లో విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి వ్యాజ్యాలు ఆస్తి తగాదాలు నడిచే న్యాయస్థానాలలోనే నడిచేవి. ఒకరినొకరు బహిరంగంగా నిందించుకోవడమే అక్కడి పద్ధతి.

మూడు దశాబ్దాల తరువాత, ఆమె మరణానంతరం, 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. ఇందులో ముందుగా రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి విధి. సలహాదారుల నియామకానికి, సంక్షేమ సంస్థల తోడ్పాటుకు ఏర్పాటున్నది. న్యాయవాదిని పెట్టుకోవడం హక్కుగా పొందేది కాదు. అయితే రాజీ పేరుతో హింసకు గురైన స్త్రీని తిరిగి అదే ఇంటికి పంపే ప్రమాదం ఉన్నదని మహిళా సంఘాలు విమర్శించాయి. ఈ విమర్శ తోసిపుచ్చదగినది కాదు. తనకు పొసగని వివాహం నుండి బయటపడిన వ్యక్తి సూచించిన వ్యవస్థకు ఇది మరింత వర్తిస్తుంది.

కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1983లో స్వచ్ఛంద సంస్థల ద్వారా కుటుంబ సలహా కేంద్రాల పథకాన్ని ప్రారంభించింది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలున్న రంగారెడ్డి జిల్లాకు ఎల్.బి.నగర్‌లో కుటుంబ న్యాయస్థానం ఏర్పడింది.

పురస్కారాలు

1975లో దుర్గాబాయికి, ఆమె భర్తకు పద్మవిభూషణ్ పురస్కారాలు లభించాయి. ఆమె 1981లోను, చింతామణి దేశ్‌ముఖ్ 1982 అక్టోబరు 2న హైదరాబాదులోను మరణించారు.