కెన్నెత్ ఆండర్సన్

కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ (1910 మార్చి 8 - 1974 ఆగష్టు 30) భారతదేశంలో పుట్టి పెరిగి ఇక్కడే మరణించిన స్కాటిష్ సంతతికి చెందిన వేటగాడు, ఆంగ్ల రచయిత. మనుషులను చంపిన పులులను, చిరుతలను దక్షిణ భారతదేశపు అడవులలో వేటాడినవాడిగా ప్రసిద్ధుడు. ఉత్తరాన కుమావూఁ కొండలకు జిమ్ కార్బెట్ ఎటువంటివాడో దక్షిణాదికి ఆండర్సన్ అటువంటివాడని పాఠకులు భావిస్తారు. మైసూరు రాష్ట్రంలో పన్నెండు మందిని చంపిన నల్ల ఎలుగుబంటిని వేటాడిన ఉదంతం ఇతని జీవితంలో పేరెన్నిక గన్నది.

జననం, కుటుంబం

ఆండర్సన్ సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించాడు. బొల్లారం ఆనాడు సైనిక స్థావరం. ఇతని పూర్వీకులు ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడినవారు. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే శాఖలో ఉద్యోగి. కొడుకుకు తుపాకీ పట్టడం నేర్పినవాడు ఆయనే. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివిన తరువాత న్యాయశాస్త్రం కోసం ఎడింబరో పంపారు గాని, ఆ చదువు పూర్తి చేయకుండానే తిరిగి వచ్చేశాడు. కొంతకాలం తంతి తపాలా శాఖలోను, ఆ తరువాత బెంగుళూరు విమాన కర్మాగారంలోను పనిచేశాడు. వేట ఇతనికి వృత్తి కాదు. సెలవు దొరికినప్పుడు అడవికి పోయేవాడు.

అడవిలో ఇతనికి గురువులు తెల్లవారు కారు. చిన్నారు నది ఒడ్డున నివసించిన బైర అనే పూజారి తెగ మనిషి, పెన్నాగరం ప్రాంతానికి చెందిన రంగ అనేవాడు అడుగుజాడలు చదవడం, పక్షుల అరుపులను బట్టి మృగం కదలికను పసిగట్టడం నేర్పారు. వీరిద్దరిపై ఇతడు తన పుస్తకాలలో ఎంతో గౌరవంతో వ్రాశాడు.

నాటి వేట వాతావరణం

ఆండర్సన్ పుట్టేనాటికి నైజాం రాజ్యంలో వేట రాజభోగంగా ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరు మోసినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్లు జిల్లా నెక్కొండ ప్రాంతంలో పులివేటకు వచ్చినప్పుడు తీసిన ఛాయాచిత్రాలు రాజా దీన్‌దయాళ్ సంస్థ పేరుతో నేటికీ ప్రచారంలో ఉన్నాయి. ఏనుగులు, డేరాలు, వందలాది తోలుడుగాళ్లు ఉండే ఆ వేటకు, రాత్రంతా చెట్టుపై మంచె మీద ఒంటరిగా కూర్చునే ఆండర్సన్ వేటకు పోలిక లేదు. పల్లెవాసులను పీడిస్తున్న మృగం ఎక్కడ ఉన్నదో తెలుసుకొని, దానిని మాత్రమే వెదకడం ఇతని పద్ధతి. 1939 నుండి 1966 వరకు ప్రభుత్వ లెక్కల ప్రకారం ఇతడు నరభక్షకులయిన ఎనిమిది చిరుతలను, ఏడు పులులను చంపాడు.

తుపాకీ, తూటాలు

ఇతడు ఎక్కువగా వాడినది .405 వించెస్టర్ రైఫిలు. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1895 నమూనా ఇది. క్రిందనున్న మీటను ముందుకు తోసి వెనక్కు లాగితే ఖాళీ గొట్టం బయటపడి కొత్త తూటా లోపలికి వస్తుంది. ఈ తుపాకీకి .405 తూటాను 1904లో ప్రవేశపెట్టారు. అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిపోయిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు దీనిని తీసుకుపోవడంతో లోకప్రసిద్ధి పొందింది. భారతదేశంలో దీనికి మరొక అనుకూలత ఉండేది. 1907లో ఆంగ్ల ప్రభుత్వం .450 కొలత గల తుపాకుల దిగుమతిని నిషేధించింది. సైన్యంలో వాడే తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయం ఇందుకు కారణం. .405 ఆ నిషేధంలోకి రాలేదు.

ఈ తూటాలోని గుండు బరువు 300 గ్రెయిన్లు, అనగా సుమారు 19 గ్రాములు. గొట్టం నుండి వెలువడేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 2200 అడుగులు. గుండు లావుగా, పొట్టిగా ఉండటం వలన గాలిని చీల్చుకొని దూరం పోలేదు. 200 గజాలు దాటితే వేగం బాగా తగ్గి క్రిందికి వాలిపోతుంది. మైదానంలో జింకను కొట్టేవాడికి ఇది లోపమే. కాని దక్షిణాది పొదల అడవులలో, రాతిగుట్టల నడుమ మృగం కనబడేదే ముప్పై నలభై గజాలలో. అక్కడ కావలసినది దూరం కాదు, తగిలినచోట ఆపగల శక్తి. తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుందనే అపకీర్తి కూడా దీనికి ఉన్నది.

నాటి వేటగాళ్లు గుండ్లను ముఖ్యంగా రెండు రకాలుగా చూసేవారు. మొన వద్ద సీసం బయటికి కనబడే మెత్తని గుండు మాంసాన్ని తాకగానే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్ద గాయం చేస్తుంది. పూర్తిగా లోహపు తొడుగు గల గట్టి గుండు విచ్చుకోకుండా లోతుకు పోతుంది. ఏనుగుకు, అడవిదున్నకు గట్టి గుండు. పులి, చిరుత, ఎలుగుబంటి వంటి పలుచని చర్మం గల జంతువులకు మెత్తని గుండు అన్నది సామాన్య నియమం. అయితే ఎలుగుబంటి విషయంలో ఒక చిక్కు ఉన్నది. దాని ఒంటిమీది పొడవాటి నల్లని జూలు అసలు శరీరాన్ని దాచివేస్తుంది. చూచేవారికి దేహం ఎంత పెద్దదిగా తోస్తుందో నిజానికి అంత ఉండదు. జూలును చూసి గురిపెట్టినవాడి గుండు వెంట్రుకలను దాటి పోతుంది, లేదా పొట్టను, కాలిని గాయపరుస్తుంది. గుట్టుగా దాగిన భుజపు ఎముకను తాకిన తేలికపాటి వేగపు గుండు అక్కడే చిట్లిపోయి, లోపలికి చేరకపోవచ్చును. బరువయిన, మధ్యమ వేగం గల మెత్తని గుండు ఎముకను విరిచి కూడా ముందుకు పోతుంది. .405 వంటి తూటా ఇందుకు సరిపడినది. ఎదురుగా నిటారుగా నిలబడిన ఎలుగుబంటికి రొమ్ముమీద తెల్లని ఆంగ్ల వి అక్షరం వంటి మచ్చ ఉంటుంది. గురికి అదే గుర్తు.

మొదటిసారి ఎలుగుబంటి వేటకు పోయేవాడు తూటాను తేలికగా తీసుకోవడం ఆ రోజులలో సాధారణమే. పులి కాదు కదా అన్న ధీమా అందుకు కారణం. నాటు తుపాకీలో మేకులు, ఇనుపముక్కలు కూరి కాల్చేవారు కూడా తక్కువేమీ కాదు. ఇటువంటి దెబ్బలు తిని బ్రతికిన జంతువు వేటాడే శక్తి కోల్పోయి, లేదా మనిషిపై పగబట్టి, తరువాత పల్లెలమీద పడుతుంది. ఆండర్సన్ చంపిన నరభక్షకులలో పలు జంతువుల ఒంటిమీద పాత తుపాకి గాయాలున్నట్లు అతని రచనల వలన తెలుస్తుంది. ఎవరో ఒకరి తప్పుడు తూటాకు మూల్యం చెల్లించినవారు కట్టెలకు, పశువులకు అడవికి పోయే నిరుపేదలు. 

మైసూరు నల్ల ఎలుగుబంటి

అరసికెరె పట్టణానికి తూర్పున గల నాగవార కొండలలో నివసించిన ఈ ఎలుగుబంటి పన్నెండు మందిని చంపి, సుమారు రెండు డజన్ల మందిని గాయపరచినది. ఎలుగుబంటి ముందుకాళ్ల గోళ్లు చెదపుట్టలను తవ్వడానికి ఏర్పడినవి; అవి మనిషి ముఖాన్ని పెకలించివేయగలవు. బ్రతికి బయటపడినవారిలో కళ్లు, ముక్కు పోయినవారున్నారు. చనిపోయినవారిలో కనీసం ముగ్గురి శరీరాలను అది కొంత తిన్నది. చెదలు, ఇప్పపువ్వు, రేగు, మర్రి పండ్లు, తేనె తిని బ్రతికే ఈ జాతిలో ఇది చాలా అరుదు. పిల్లలను ఎవరో ఎత్తుకుపోగా పగబట్టిన ఆడ ఎలుగుబంటి అని కొందరు, మనుషుల చేతిలో గాయపడినదని కొందరు చెప్పుకునేవారు. రెండవదే నమ్మదగినదిగా ఉన్నది.

ఆ కొండల పాదం వద్ద ఒక సమాధి మందిరాన్ని కాపాడుకుంటూ జీవించే ఆలం బక్ష్ అనే వృద్ధుడు ఆండర్సన్‌కు పరిచయస్తుడు. ఇతని కుమారుడిని ఎలుగుబంటి చంపివేసింది. ఆ కబురే ఆండర్సన్‌ను అక్కడికి రప్పించింది. మొదటి ప్రయత్నం ఫలించలేదు. తరువాత ఎలుగుబంటి చిక్కమగళూరు దిక్కుగా సక్రేపట్ణ ప్రాంతంలో కనబడి అక్కడా మనుషులపై దాడి చేసింది. రెండవ ప్రయత్నమూ వృథా అయినది. మూడవసారి దానిని వెదకిపట్టి కాల్చి చంపాడు.

సామాన్యంగా ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ రాదు. చూపు మందం, చెదలను పీల్చేటప్పుడు తన చప్పుడులో తానే మునిగి ఉంటుంది. అకస్మాత్తుగా దగ్గరకు వచ్చిన మనిషిని చూసి బెదిరి మీద పడుతుంది. ఏటూరునాగారం, పాకాల అడవులలో తునికాకుకు, ఇప్పపువ్వుకు పోయేవారు మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ నడవడానికి కారణం ఇదే. తెలంగాణలో దీనిని ఎలుగుగొడ్డు అని, గుడ్డెలుగు అని కూడా పిలుస్తారు.

తెలుగు ప్రాంతాలలో

ఇతని కథలలో కొన్ని తెలుగు నేలపైనే జరిగినవి. శేషాచలం కొండలలోని చామల లోయ, తిరుపతి సమీపంలోని మామండూరు, నల్లమలలో గిద్దలూరు సమీపాన గల దిగువమెట్ట ఇందులో ముఖ్యమైనవి. ఆ అడవులలోని రైలు మార్గాలను, చెంచుల జీవనాన్ని గురించి చేసిన వర్ణనలు వేటపై ఆసక్తి లేనివారు కూడా చదవదగినవి.

రచనలు

1954లో వెలువడిన మొదటి పుస్తకం నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్. ఎలుగుబంటి కథ 1957 నాటి మ్యాన్ ఈటర్స్ అండ్ జంగిల్ కిల్లర్స్ లో ఉన్నది. ది బ్లాక్ పాంథర్ ఆఫ్ శివనిపల్లి (1959), ది కాల్ ఆఫ్ ది మ్యాన్ ఈటర్ (1961), దిస్ ఈజ్ ది జంగిల్ (1964), ది టైగర్ రోర్స్ (1967), టేల్స్ ఫ్రమ్ ది ఇండియన్ జంగిల్ (1970) తరువాతివి. ఇతడు చాలా సంఘటనలకు తేదీలు ఇవ్వలేదు. చీకటి భూతాలు, శకునాలు వంటివి కూడా కథలలో చోటుచేసుకున్నాయి. అందువలన వీటిని చరిత్రగా కాక, అడవిని బాగా ఎరిగినవాడు చెప్పిన అనుభవ కథలుగా చదవడం మంచిది.

చివరి దశ

వయసు పెరిగేకొద్దీ ఆండర్సన్ తుపాకీ కంటే కెమెరాకు ప్రాధాన్యమిచ్చాడు. అడవులు తరిగిపోవడాన్ని, రాత్రులు జీపు దీపాల వెలుగులో జరిగే దొంగవేటను తీవ్రంగా విమర్శించాడు. .405 రైఫిలు తయారీ 1940 నాటికే ఆగిపోయింది. 1972లో భారత ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. పులి, చిరుతలతో పాటు ఎలుగుబంటి కూడా ఇప్పుడు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిని వేటాడటం జైలుశిక్షకు గురిచేసే నేరం.

అదే కాలంలో ఆండర్సన్‌కు క్యాన్సర్ వ్యాధి సోకినట్లు తెలిసింది. 1974 ఆగష్టు 30న మరణించాడు. బెంగుళూరు హోసూరు రోడ్డులోని శ్మశానవాటికలో ఖననం చేశారు. చివరి పుస్తకం జంగిల్స్ లాంగ్ ఎగో 1976లో, ఇతని మరణానంతరం వెలువడింది. కుమారుడు డోనాల్డ్ ఆండర్సన్ కూడా వేటగాడే. 2014లో బెంగుళూరులో మరణించాడు.