సూర్యబింబమూ చింతామణి రఘునాథాచార్యులూ

మదరాసు నగరంలో నుంగంబాకం ప్రాంతాన ఈస్టిండియా కంపెనీవారు 1792లో నెలకొల్పిన నక్షత్రశాలలో సుమారు నాలుగు దశాబ్దాలపాటు ఆకాశాన్ని పరిశీలించిన మహనీయులు చింతామణి రఘునాథాచార్యులు. పంచాంగకర్తల వంశంలో జన్మించిన ఆయన పిన్న వయస్సులోనే అక్కడ చిన్న ఉద్యోగంలో చేరి, స్వయంకృషితో ప్రథమ సహాయకుని స్థానానికి ఎదిగారు. 1861లో అధిపతిగా వచ్చిన నార్మన్ పోగ్సన్ హయాంలో 5 వేలకు పైబడిన నక్షత్రాల స్థానాలను నిర్ణయించే పనిలో అధికభాగం ఆచార్యులవారి చేతిమీదుగానే సాగింది. 1867లో కాంతి హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని ఆయన కనుగొన్నారు.

అయినా ఆయన జీవితంలో విశేషించి చెప్పుకోవలసినది సూర్యబింబంతో ఆయనకున్న అనుబంధం.

భూకక్ష్య పూర్ణవృత్తం కాదు. జనవరి మొదటివారంలో సూర్యుడు మనకు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, జూలై మొదటివారంలో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటాడు. అందువల్ల బింబం జనవరిలో సుమారు 32½ కళలు, జూలైలో 31½ కళలు ఉంటుంది. కళ అంటే డిగ్రీలో 60వ వంతు. ఈ స్వల్పభేదం కంటికి ఆనదు. మెరీనా తీరాన ఉదయించే సూర్యుడు మధ్యాహ్న సూర్యునికంటె పెద్దవాడుగా తోచడం మాత్రం కేవలం భ్రమ. పరికరంతో కొలిస్తే ఆ పెరుగుదల కనిపించదు. బింబమానం మారుతుందని మన పూర్వులకు తెలియకపోలేదు. సూర్యగమనం వేగాన్నిబట్టి బింబాన్ని సవరించుకొనే పద్ధతి సూర్యసిద్ధాంతంలోనే ఉన్నది.

ఈ భేదం గ్రహణసమయంలో అందరికీ ప్రత్యక్షమవుతుంది. నాలుగేళ్ళలోపే దక్షిణదేశానికి మూడు గొప్ప సూర్యగ్రహణాలు రావడం ఆచార్యులవారి అదృష్టం. 1868 ఆగస్టు 18న పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళగా, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం చేయగా, రఘునాథాచార్యులు నైజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళారు. ఆనాడు చంద్రుడు భూమికి మిక్కిలి చేరువలో ఉన్నందున చంద్రబింబం సూర్యుని పూర్తిగా కప్పివేసింది. 1871 డిసెంబరు 12న మరొక సంపూర్ణగ్రహణం వచ్చింది. 1872 జూన్ 6న మాత్రం మదరాసువాసులకు కంకణగ్రహణం కనిపించింది. అది జూన్ మాసం కనుక సూర్యబింబం చిన్నదే. దూరాన ఉన్న చంద్రుడు అంతకంటె చిన్నవాడై, చుట్టూ వెలుగు ఉంగరాన్ని మిగిల్చాడు. ఆ ఏడే రఘునాథాచార్యులు లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికయ్యారు.

కోణం తెలిసినంతమాత్రాన సూర్యుని అసలు పరిమాణం తెలియదు. దూరం కూడ తెలియాలి. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు ఆ దూరాన్ని గణించడానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు సిద్ధమయ్యారు. బింబం వెడల్పులో ముప్పయ్యోవంతు మాత్రమే ఉండే ఆ నల్లచుక్క దారి భూమిపై వేర్వేరు చోట్లనుండి కొంచెం వేర్వేరుగా కనిపిస్తుంది. ఈ సంగతిని సామాన్యులకు తెలియజెప్పడానికి ఆచార్యులవారు పండితుడికీ సిద్ధాంతికీ మధ్య సంభాషణగా ఒక చిన్న గ్రంథం రచించారు. ఇంగ్లీషు, ఉర్దూ, కన్నడం మొదలైన భాషలలో అది వెలువడింది.

ఆయనకు కష్టమైన పని మరొకటి ఉన్నది. పాత సూత్రాలతో గుణించిన పంచాంగాలలోని గ్రహణకాలాలు ఆకాశంతో సరిపడేవి కావు. కంటికి కనబడినదానికి లెక్కను సరిదిద్దాలన్న పట్టుదలతో ఆయన దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించారు. తిథులు మారితే వ్రతాలూ శ్రాద్ధాలూ మారుతాయి గనుక ఆ సంస్కరణ సులభంగా రుచించేది కాదు. అన్యులెవరైనా చెప్పి ఉంటే పరాయి విద్య అని త్రోసిపుచ్చేవారేమో. చెప్పినవారు పంచాంగకర్తల బిడ్డ!

1880 ఫిబ్రవరి 5న ఆయన పరమపదించారు. నక్షత్రశాల 1931లో మూతపడినా, తెలుగు శాసనం కూడ చెక్కిన దాని రాతిస్తంభం నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో నిలిచి ఉన్నది. చెన్నై దుకాణాలలో నేటికీ వాక్యపంచాంగం, దృగ్గణిత పంచాంగం రెండూ దొరుకుతాయి. ఒక్కొక్కసారి ఒకే ఏకాదశి వాటిలో రెండు వేర్వేరు రోజులలో కనిపిస్తుంది.