విలియం కేరీ: రెండు అనుమతులు లేని ప్రయాణం

1793 జూన్ 13న ఇంగ్లండులోని డోవర్ రేవు నుంచి ఒక డెన్మార్క్ ఓడ బెంగాల్‌కు బయలుదేరింది. అందులో ముప్పై ఒక్కేళ్ల మాజీ చెప్పుల పనివాడు, అతని భార్య, నలుగురు కొడుకులు, భార్య చెల్లెలు ఉన్నారు. చివరి పిల్లవాడు పుట్టి ఇంకా ఆరు వారాలు నిండలేదు. వాళ్లతో పాటు మెడ దాకా అప్పుల్లో ఉన్న ఒక డాక్టరు కూడా. బ్రిటిష్ పౌరులు ఇండియాలో అడుగుపెట్టాలంటే ఈస్టిండియా కంపెనీ లైసెన్సు ఉండాలి. వీళ్లలో ఎవరి దగ్గరా అది లేదు.

ఆ చెప్పుల పనివాడు విలియం కేరీ. బెంగాలీ వచన చరిత్ర, ఇండియాలో అచ్చుయంత్రం చరిత్ర, సతీసహగమన నిషేధం, శ్రీరాంపూర్ కాలేజీ... ఎక్కడ చూసినా తగిలే పేరు. ఆయన మీద వచ్చిన పుస్తకాలకు కొదవ లేదు. ఎక్కువ పుస్తకాలు కలకత్తా రేవు దగ్గర వేగం పుంజుకుంటాయి. నాకు మాత్రం అంతకు ముందరి ఎనిమిది నెలలే ఆసక్తి. విదేశానికి మిషనరీగా వెళ్లాలని ఒక యువకుడు దేనికి సిద్ధపడ్డాడు, దేనికి సిద్ధపడలేదు అన్నది ఆ ఎనిమిది నెలల్లోనే కనిపిస్తుంది.

కేరీ 1761 ఆగస్టు 17న నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీలో పుట్టాడు. తండ్రి మొదట నేతపని చేసేవాడు, తర్వాత ఊరి బడి పంతులయ్యాడు. ఎండలో పనిచేస్తే చర్మం పాడయ్యే జబ్బు ఉండటంతో కొడుకును పొలం పని మాన్పించి చెప్పులు కుట్టే పనిలో పెట్టారు. యజమాని దుకాణంలో దొరికిన ఒక బైబిలు వ్యాఖ్యానంలో గ్రీకు అక్షరాలు కనిపిస్తే, వాటిని కాగితం మీద గీసుకుని, సొంతూళ్లో గ్రీకు తెలిసిన ఒక నేతగాడి దగ్గరికి పట్టుకెళ్లి చదివించుకున్నాడు. భాషల పిచ్చి అక్కడ మొదలైంది. లాటిన్, హీబ్రూ, డచ్, ఫ్రెంచ్ అన్నీ తోలు ముక్కల పక్కన పెట్టుకుని నేర్చుకున్నవే.

అధికార చర్చి వదిలి, బాప్టిస్టుల్లో చేరి, 1783 అక్టోబరులో నెన్ నదిలో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత మౌల్టన్ అనే పల్లెలో పాస్టరు ఉద్యోగం. జీతం ఏడాదికి పదిహేను పౌండ్ల దగ్గర. అది చాలక బడి నడిపేవాడు, అదీ చాలక చెప్పులు కుట్టేవాడు. కెప్టెన్ కుక్ సముద్రయానాల పుస్తకం అతనికి ఆ రోజుల్లోనే చేతికొచ్చింది. కాగితాలు అతికించి పెద్ద ప్రపంచ పటం గీసి గోడకు తగిలించాడు. ఒక్కో దేశం మీద జనాభా ఎంత, మతమేది అని రాసుకుంటూ పోయాడు. తోలుతో భూగోళం కుట్టాడని కూడా చెబుతారు. చూసినవాళ్లు చెప్పినది మాత్రం కాగితపు పటం గురించే.

ఆ పటమే 1792లో ఒక చిన్న పుస్తకమైంది. ఎనభై ఏడు పేజీలు. క్రైస్తవులు కానివారికి సువార్త చెప్పాల్సిన బాధ్యత ఇప్పటికీ ఉందా అన్నది అందులోని ప్రశ్న. ఉంది అన్నది జవాబు. ఆనాటి కాల్వినిస్టు బాప్టిస్టుల్లో చాలామందికి ఇది మింగుడుపడని మాట. రక్షించాలనుకుంటే దేవుడే చూసుకుంటాడు, మనకెందుకు అన్నది వాళ్ల ధోరణి. ఒక సభలో పెద్ద పాస్టరు ఒకాయన కేరీని గద్దించి కూర్చోబెట్టారనే కథ ప్రచారంలో ఉంది గానీ, ఆ పెద్దాయన కొడుకే అలాంటిదేమీ జరగలేదని తర్వాత రాశాడు.

పుస్తకంలో సగం భక్తి ఉంటే సగం లెక్కలు. ప్రపంచ జనాభా 73 కోట్ల 10 లక్షలని అంచనా కట్టి, దేశాలవారీగా పొడవు, వెడల్పు, మనుషులు, మతం అన్నీ పట్టికలు వేశాడు. ఆ తర్వాత అభ్యంతరాలను ఒక్కొక్కటిగా తీసుకున్నాడు. దూరమా? దిక్సూచి వచ్చాక సముద్రం అడ్డంకి కాదు. ప్రాణభయమా? లాభం కోసం వ్యాపారులు ఆ భయాన్ని లెక్కచేయడం లేదు. తిండా? కొంచెం భూమి సాగుచేసుకోవచ్చు. కత్తులు, చేపల గాలాలు, విత్తనాలు తీసుకెళితే చాలు. భాషా? ఏడాదో రెండేళ్లో కష్టపడితే మన భావం చెప్పగలిగేంత వస్తుంది. ఒంటరిగా కాక కనీసం ఇద్దరు వెళ్లాలి, పెళ్లయినవాళ్లయితే మేలు, వ్యవసాయం తెలిసిన మరికొందరిని కుటుంబాలతో తోడు తీసుకెళ్లాలి అని కూడా రాశాడు.

ఎంత ఆచరణాత్మకమైన పుస్తకమో! పెళ్లయినవాళ్లయితే మేలు అని రాసేటప్పుడు పక్కగదిలో ఉన్న సొంత భార్యను అడిగాడా అన్నదే అందులో దొరకదు.

డొరతీ ప్లాకెట్‌ను కేరీ 1781లో పెళ్లాడాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆమె అయిదారేళ్లు పెద్దది. పెళ్లి రిజిస్టరులో ఆమె సంతకం చోట గీత గుర్తు ఉంది, చదువు రాదు. మొదటి కూతురు జ్వరంతో రెండేళ్లు నిండకుండానే పోయింది. అదే జ్వరంలో కేరీ జుట్టు రాలిపోయింది. మరో పాప కూడా పసితనంలోనే చనిపోయింది. డొరతీ బతుకంతా నార్తాంప్టన్‌షైర్ పల్లెల్లోనే గడిచింది. దూరం వెళ్లడమంటే ఆమెకు కేరీ పాస్టరుగా పనిచేసిన లెస్టర్ పట్నమే.

1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో ఒక వితంతువు ఇంటి వెనుక గదిలో పన్నెండు మంది పాస్టర్లు, మరొకరిద్దరు కలిసి మిషనరీ సొసైటీ పెట్టారు. అక్కడికక్కడే రాసుకున్న చందాల మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్స్. కాగితాలు వేసుకోవడానికి కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ నస్యం డబ్బీ వాడారు. ఆ డబ్బుతో ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియదు. కేరీ మనసు కుక్ చూసిన తాహితీ మీద, పశ్చిమాఫ్రికా మీద ఉండేది.

బెంగాల్‌ను ఎంచింది కేరీ కాదు, జాన్ థామస్. కంపెనీ ఓడలో సర్జన్‌గా బెంగాల్ వెళ్లి, కొన్నేళ్లు అక్కడే ఉండి, బెంగాలీ నేర్చి, బైబిల్లో కొంత అనువాదం మొదలుపెట్టి తిరిగొచ్చిన మనిషి. మాటకారి, మంచి మనసు, డబ్బు విషయంలో మాత్రం చిల్లుకుండ. 1793 జనవరిలో కెటరింగ్ సమావేశానికి ఆయన వచ్చి బెంగాల్ సంగతులు చెప్పాడు. తోడు వెళ్లేదెవరన్న ప్రశ్న రాగానే కేరీ ఒప్పుకున్నాడు. మార్చిలోగా బయలుదేరాలన్నారు. అంటే రెండు నెలలు.

ఇంటికెళ్లి చెబితే డొరతీ రానంది. ఆమె అప్పటికి ఆరు నెలల గర్భవతి. ముగ్గురు పిల్లలు. ఫ్రాన్సు ఆ ఫిబ్రవరిలోనే బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది, సముద్రం మీద ఫ్రెంచి ఓడలు తిరుగుతున్నాయి. ఇద్దరు పిల్లల్ని పాతిపెట్టిన తల్లి కడుపులో బిడ్డతో అయిదు నెలల ఓడ ప్రయాణానికి రానంటే దాన్ని విశ్వాసలోపమని రాసిన పాత జీవితచరిత్రకారులున్నారు. నాకైతే ఆ ఇంట్లో ఆ రోజు ఇంగితంతో మాట్లాడింది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. కేరీ వెనక్కి తగ్గలేదు. ఏడెనిమిదేళ్ల పెద్దకొడుకు ఫెలిక్స్‌ను తీసుకుని తాను ముందు వెళ్తానని, తర్వాత కుటుంబాన్ని తీసుకెళ్తానని నిర్ణయించాడు. డొరతీని పుట్టింటివైపు పిడింగ్టన్‌లో ఉంచి, మార్చి నెలాఖరులో లెస్టర్ సంఘం దగ్గర సెలవు తీసుకున్నాడు.

లైసెన్సు ప్రయత్నం కూడా ఫలించలేదు. మిషనరీలు వస్తే స్థానికుల మతభావాలు రెచ్చి వ్యాపారం దెబ్బతింటుందని కంపెనీ భయం. అదే ఏడాది చార్టర్ పునరుద్ధరణ సమయంలో మిషనరీలకు, ఉపాధ్యాయులకు దారి తెరవాలని విల్బర్‌ఫోర్స్ పార్లమెంటులో పట్టుబట్టి ఓడిపోయాడు. ఆ తలుపు తెరుచుకున్నది 1813లో. ఈ దేశానికి మిషనరీలను కంపెనీయే వెంటబెట్టుకొచ్చిందని తేలిగ్గా అనేస్తుంటాం. కేరీ విషయంలో కంపెనీ కాపలాదారు, అతను దొంగచాటుగా దూరినవాడు.

థామస్‌కు తెలిసిన కెప్టెన్ ఒకరు లైసెన్సు లేకపోయినా తన ఓడ ‘ఎర్ల్ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్’లో ఎక్కించుకున్నాడు. యుద్ధనౌకల రక్షణ కోసం ఆ ఓడ వైట్ ద్వీపం దగ్గర వారాల తరబడి ఆగిపోయింది. ఆ ఆలస్యంలో రెండు సంగతులు జరిగాయి. మే 3న పిడింగ్టన్‌లో డొరతీ మగబిడ్డను కన్నది, జాబెజ్ అని పేరు పెట్టారు. ఇక్కడ కెప్టెన్‌కు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, అనుమతి లేని మనిషిని తీసుకెళ్తున్నావని. కెప్టెన్ హడలిపోయి ఇద్దర్నీ సామానుతో సహా ఒడ్డున దింపేశాడు. థామస్ అప్పులవాళ్లు అప్పటికే ఆయన కోసం వెతుకుతున్నారు.

ఒడ్డున నిలబడి తమ ఓడ వెళ్లిపోవడం చూశారు. అక్కడితో కథ ముగియాల్సింది. థామస్ లండన్ కాఫీహౌసుల్లో వాకబు చేసి, ఒక డెన్మార్క్ ఓడ కొద్ది రోజుల్లో డోవర్ మీదుగా వెళ్తోందని కనుక్కున్నాడు. డేనిష్ ఓడకు కంపెనీ లైసెన్సుతో పనిలేదు. ఇద్దరూ రాత్రంతా బండిలో ప్రయాణం చేసి తెల్లవారేసరికి డొరతీ గుమ్మంలో దిగారు. మళ్లీ అడిగారు. ఒడిలో మూడు వారాల బిడ్డతో ఆమె మళ్లీ కాదంది. ఇద్దరూ వెళ్లిపోయారు. కొంత దూరం పోయాక థామస్ ఒక్కడే వెనక్కి వచ్చి, ఇప్పుడు రాకపోతే జీవితాంతం పశ్చాత్తాపపడతావని ఆమెను భయపెట్టాడు. చెల్లెలు కిట్టీ తోడొస్తే వస్తానంది. కిట్టీ మేడ మీద గదిలోకి వెళ్లి ప్రార్థించి, కిందికొచ్చి సరేనంది. ఇల్లు ఖాళీ చేయడానికి దొరికింది ఒక్క రోజు.

ఎనిమిది మందికి ఛార్జీలు సరిపోక థామస్, కిట్టీ సేవకుల కింద తక్కువ ధరకు ప్రయాణం కుదుర్చుకున్నారు. ఓడలో కెప్టెన్ దయతలచి వాళ్లకూ మంచి చోటే ఇచ్చాడు. దారిలో కేరీ థామస్ దగ్గర బెంగాలీ మొదలుపెట్టాడు. నవంబరులో హుగ్లీ ముఖద్వారం చేరాక రేవులో లెక్కలు అడిగేవాళ్లు తగలకుండా ముందే చిన్న పడవలోకి దిగి, 11న కలకత్తా చేరారు.

పుస్తకంలో రాసిన ఏర్పాట్లేవీ నిలవలేదు. అమ్ముకుని బతకమని ఇచ్చిన సరుకు డబ్బు థామస్ చేతిలో కొన్ని వారాల్లో కరిగిపోయింది. డొరతీకి, పెద్ద పిల్లలిద్దరికీ రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. మున్షీ రామ్ రామ్ బసు సాయంతో సుందర్బన్స్ అంచున దేభాటాలో తలదాచుకున్నారు. అక్కడ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఆదరించాడు, కిట్టీ ఆయన్నే పెళ్లి చేసుకుని ఉండిపోయింది. డొరతీ ఏ షరతు మీద ఓడ ఎక్కిందో ఆ తోడు ఏడాది తిరక్కుండానే దూరమైంది.

1794లో మాల్దా ప్రాంతంలో మదనాబతి నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరుగా నెలకు రెండు వందల రూపాయల ఉద్యోగం దొరికింది. దాంతో దేశంలో ఉండటానికి చట్టబద్ధమైన ముసుగూ దొరికింది. ఇక నాకు డబ్బు పంపొద్దు, కొడవళ్లు, విత్తనాలు పంపండని కేరీ సొసైటీకి రాశాడు. ఆ శరదృతువులోనే అయిదేళ్ల పీటర్ విరేచనాలతో చనిపోయాడు. కులం పోతుందని శవపేటిక చేయడానికి గానీ, మోయడానికి గానీ ఎవరూ రాలేదు. చివరికి ముస్లింలు గొయ్యి తవ్వారు. డొరతీ మనసు ఆ తర్వాత మళ్లీ కుదుటపడలేదు. భర్త పరస్త్రీల వెంట తిరుగుతున్నాడని వీధిలో కేకలు వేసేది, ఒకసారి కత్తి పట్టుకుంది. ఆమెను గదిలో పెట్టి తాళం వేసేవారు. ఆ కేకలు వినబడే పక్కగదిలో కేరీ కొత్త నిబంధనను బెంగాలీలోకి తెచ్చాడు. ఏడాదో రెండేళ్లో అనుకున్న పని. మొదటి బెంగాలీ విశ్వాసి, వడ్రంగి కృష్ణపాల్, బాప్తిస్మం తీసుకునేసరికి 1800 డిసెంబరు వచ్చింది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1800లో డేనిష్ పాలనలోని శ్రీరాంపూర్, మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి ముద్రణాలయం, 1801 నుంచి ఫోర్ట్ విలియం కాలేజీలో అధ్యాపకత్వం. అనుమతి లేదని అడ్డుకున్న కంపెనీయే తన ఉద్యోగులకు బెంగాలీ, సంస్కృతం, మరాఠీ నేర్పమని జీతమిచ్చి పెట్టుకుంది. 1829లో సతీసహగమన నిషేధపు ఉత్తర్వు వస్తే బెంగాలీలోకి అనువదించే పని కేరీకే అప్పగించింది. తెలుగువాళ్లకూ ఇందులో వాటా ఉంది. 1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడితే కాలిన వాటిలో తెలుగు పని కూడా ఉంది. కేరీ మళ్లీ కూర్చుని రాసి 1814లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు, మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం రావడానికి రెండేళ్ల ముందు. తెలుగు కొత్త నిబంధన అక్కడి నుంచే 1818లో వచ్చింది.

కేరీ నలభై ఏళ్లు దాటి ఈ దేశంలో ఉండి, 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో కన్నుమూశాడు. ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లలేదు. డొరతీ పన్నెండేళ్ల పైచిలుకు మతిలేని స్థితిలో గడిపి 1807 డిసెంబరులో చనిపోయింది. ఆమెను శ్రీరాంపూర్ మిషన్ శ్మశానంలో పాతిపెట్టారు. ఆరు నెలలు తిరక్కముందే కేరీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఈసారి భాషల పనిలో తనకు సాయం చేయగల చదువుకున్న డేనిష్ మహిళను.