పింజారి ఇంటి గొంతు: బుర్రకథ నాజర్

పేరాల: బాపట్ల, రేపల్లె, తెనాలి పల్లెల్లో పెద్దవాళ్ళ దగ్గర బుర్రకథ మాట ఎత్తితే మొదట వచ్చే పేరు షేక్ నాజర్. పిల్లలకు ఆయన సాధారణ పరిజ్ఞానం పుస్తకంలో ఒక ప్రశ్న. బుర్రకథ పితామహుడు ఎవరు అంటే నాజర్ అని టిక్కు పెట్టేసి ముందుకు పోతారు. కానీ ఆ బిరుదు వెనక ఒక దూదేకుల కుటుంబం ఉంది, కుట్టుమిషన్ ఉంది, ఆకలి ఉంది. వాటి గురించే ఎవరూ చెప్పరు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. తండ్రి షేక్ మస్తాన్. కులవృత్తి దూది ఏకడం. నారి బిగించిన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకూ బొంతలకూ దూది ఏకే వాళ్ళను జనం దూదేకులవాళ్ళనీ, పింజారీలనీ పిలిచేవారు. మిల్లులు వచ్చాక ఆ పనిలో కూడు పుట్టడం తగ్గింది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ కుటుంబాల్లో చాలావరకు ఇంటి భాష తెలుగే. ఉర్దూ రాదని మనవాళ్ళలోనే కొందరు తక్కువగా చూడటం, ముసల్మానులని బయటివాళ్ళు దూరం పెట్టడం, ఈ రెండూ వాళ్ళకు అలవాటైపోయినవే. అయినా పాట మాత్రం ఈ ఇళ్ళలో ఎప్పుడూ ఉంది. గుళ్ళలోనూ పెళ్ళిళ్ళలోనూ నాదస్వరం వాయించే కుటుంబాలు గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఇప్పటికీ ఉన్నాయి. దేశమంతా పేరు తెచ్చుకున్న కరవది షేక్ చినమౌలానా కూడా అలాంటి నాదస్వరం కుటుంబం నుంచి వచ్చినవారే.

నాజర్ ఇంట్లోనూ పాటా ఆటా ఉన్నాయి. పిల్లవాడి గొంతు బాగుందని ఊళ్ళో గుర్తించారు. కొమ్మినేని బసవయ్య అనే ఆయన పిల్లలతో నాటక సమాజం పెట్టి ఇతన్ని చేర్చుకున్నారు. నాజర్ హార్మోనియం పట్టుకున్నది అక్కడే. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కని కాలం కదా, ఆడవేషాలు కూడా మగపిల్లలే వేయాలి. పాదుకా పట్టాభిషేకంలో కైకేయి, శ్రీకృష్ణ లీలల్లో దేవకి, రామదాసులో చాందిని వేషాలు నాజర్ వేశారు. కైకేయి వేషం కట్టింది సాయిబుల పిల్లాడని జనం ఆట చూడటం మానలేదు. ఇప్పుడైతే ఏమనేవారో.

నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య దగ్గర కర్ణాటక సంగీతం, ఖాదర్ ఖాన్ దగ్గర హిందుస్థానీ నేర్చుకున్నారు. రెండూ పూర్తిగా సాగలేదు. డబ్బు లేదు. గురువు దగ్గర ఉన్నన్నాళ్ళు ఇంటికి రూపాయి రాదు. చివరికి చదువు మధ్యలో వదిలేసి దర్జీ పనిలో కూర్చున్నారు. బట్టలు కుడుతూనే తెనాలి దగ్గర పెదరావూరులో మకాం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు సంగీతం చెప్పారు. తెనాలి నాటక సమాజంలో వేషాలు వేశారు. పగలు మిషను, సాయంత్రం పాఠాలు, రాత్రి నాటకం. పేరు వచ్చినంత సులువుగా డబ్బు రాలేదు.

ఈ ప్రాంతం రాజకీయంగా అప్పటికే వేడి మీద ఉంది. నాజర్ ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు, 1921లో, మునిసిపల్ పన్ను కట్టేది లేదని చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ పోరాటం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యకు పాటా పద్యం ఎంత పని చేస్తాయో బాగా తెలుసు. నాజర్ కూడా మొదట కాంగ్రెసు వైపే ఉన్నారు. తర్వాత కమ్యూనిస్టుల దగ్గరికి వెళ్ళారు. ఆ రోజుల్లో గుంటూరు జిల్లా పల్లెల్లో కౌలు రైతు గురించి, కూలీ గురించి మాట్లాడే వాళ్ళు ఎక్కువగా వాళ్ళే.

బుర్రకథ నాజర్ పుట్టించింది కాదు. జంగాలు చెప్పే కథల నుంచి అది వచ్చింది. ముగ్గురు మనుషులు చాలు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్ళకు అందెలు. రెండు పక్కలా డక్కీలతో వంతలు. ఒకరు కథ మధ్యలో రాజకీయం ఎత్తుకుంటారు, ఇంకొకరు హాస్యం. కథ ఎంత పాతదైనా ఆ ఇద్దరి వల్ల అది ఆ రోజు ఊళ్ళో జరుగుతున్న సంగతిలోకి దిగిపోతుంది. తెర అక్కర్లేదు, సెట్టింగు అక్కర్లేదు, ఒక పెట్రోమాక్సు లైటు ఉంటే చాలు. ఖర్చు తక్కువ, చూసే జనం వేలల్లో. పార్టీ దీన్ని పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాకుమాను సుబ్బారావు దళం టాన్యా కథతో ముందు దారి చూపింది. జర్మన్ సైన్యం ఉరితీసిన సోవియట్ పిల్ల కథ అది. ఎక్కడి రష్యా, ఎక్కడి గుంటూరు. అయినా జనం కూర్చుని విన్నారు.

నాజర్ వచ్చాక బుర్రకథ తీరు మారిపోయింది. నేర్చుకున్న రెండు సంగీతాలూ, నాటకాల్లో వేసిన వేషాలూ, అడుగు వేయడం, కన్ను తిప్పడం అన్నీ అందులోకి తెచ్చారు. ఒక్క మనిషే బ్రహ్మనాయుడై, నాగమ్మై, బాలచంద్రుడై కనిపించేవారు. పల్నాటి యుద్ధం ఆయన చేతిలో బాగా పండిన కథ. చిన్నప్పుడు ఆడవేషాల్లో వచ్చిన సాధన నాగమ్మ ఘట్టానికి పనికొచ్చింది. చాపకూడు ఘట్టం వస్తే, అన్ని కులాలూ ఒకే చాప మీద తిన్న పన్నెండో శతాబ్దపు సంగతి, ఎదురుగా వేరువేరుగా కూర్చున్న జనానికి సూటిగా తగిలేది. బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, క్రీస్తు కథ కూడా చెప్పారు. ఏ మతం కథ అని చూసుకోలేదు.

పశ్చిమ ఆఫ్రికాలో మాలి, సెనెగల్ దేశాల్లో గ్రియోలనే గాయక వంశాలున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది ముసల్మానులే. కోరా వాయిస్తూ సుందియాటా రాజు వీరగాథ తరతరాలుగా చెబుతున్నారు. రాజులను పొగడటం వాళ్ళ వృత్తిలో భాగం. నాజర్ దీనికి భిన్నం. చెప్పేది రాజుల కథే అయినా మధ్యలో ఆగి అడిగే ప్రశ్న మాత్రం కూలివాడి తరఫున ఉండేది.

దీనికి బెంగాల్ కరువు కథ మంచి ఉదాహరణ. 1943లో బెంగాల్‌లో ఇరవై నుంచి ముప్ఫై లక్షల మంది చనిపోయారని అంచనా. బియ్యం ఉండి కూడా కొనే శక్తి లేక చచ్చిపోయిన వాళ్ళు చాలామంది. బర్మా బియ్యం ఆగిపోవడం, యుద్ధం కోసం నిల్వలు, వ్యాపారుల దాపుడు, పాలకుల నిర్లక్ష్యం అన్నీ కలిసి ధర చేయి దాటిపోయింది. సరుకు ఉంటే ఆకలి ఎందుకు అనే లెక్క అర్థశాస్త్రం పుస్తకాల్లో తర్వాత వచ్చింది. నాజర్ దాన్ని అప్పుడే కథ కట్టి, చదువురాని జనం ముందు పెట్టారు. అప్పుడు ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు. ఆకలి ఆయనకు పుస్తకంలో చదివిన సంగతి కాదు మరి.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలికి ఇలాంటి దళాలే బలం. జనం వినడం మొదలయ్యాక సర్కారుకు భయం పట్టుకుంది. నలభైల చివర కమ్యూనిస్టులపై నిర్బంధం వచ్చినప్పుడు బుర్రకథ మీదా నిషేధాలు పడ్డాయి. దళాలు చెదిరిపోయాయి. కథ చెప్పిన రోజే డబ్బు వచ్చే వృత్తి ఇది. ఆట ఆగితే పొయ్యి ఆగుతుంది. జీతం లేదు, పింఛను లేదు.

ఆ తర్వాత సినిమా పిలిచింది. ప్రజానాట్యమండలి నుంచే వచ్చిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో పుట్టిల్లు తీసినప్పుడు అందులో నాజర్ బుర్రకథ పెట్టారు. జమునకు అది మొదటి సినిమా. రాజారావుకు డబ్బులు రాలేదు. 1954లో ఎన్టీ రామారావు నటించిన అగ్గిరాముడులో నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ మాత్రం ఊరూరా మోగింది. పల్లెలో నాజర్‌ను చూడనివాళ్ళు కూడా టూరింగు టాకీసులో చూశారు. ఆసామి అనే నాటకం కూడా రాశారు. నాటక పరిషత్తులో దానికి బహుమతి వచ్చింది.

సినిమా వల్ల పేరు పెరిగింది గానీ ఆయన బతుకు మాత్రం బుర్రకథతోనే. శిష్యులు తయారయ్యారు, దళాలు పుట్టాయి. నాజర్ బాణీలో కథ చెప్పి ఇల్లు గడుపుకున్న కుటుంబాలు కోస్తా జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆ బాణీకి రాయల్టీ అంటూ ఏమీ ఉండదు, ఎవరైనా పాడుకోవచ్చు. నష్టం ఆయనది, లాభం బుర్రకథది.

1986లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి ఆయనకు 66 ఏళ్ళు. నిషేధాలు చూసిన కళకు సర్కారు సన్మానం రావడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ముసలితనంలో ఆయన తన బతుకు చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాశారు. ఆ పుస్తకం పేరు పింజారి. బుర్రకథ చక్రవర్తి అనో, పద్మశ్రీ నాజర్ అనో పెట్టుకోవచ్చు. ఊళ్ళో జనం చిన్నచూపుతో వాడిన మాటే అట్ట మీద ఉంది.

నాజర్ 1997 ఫిబ్రవరి 22న ఇంతకాల్ చేశారు. డెబ్భై ఏడేళ్ళు. అగ్గిరాముడులో ఆ కథ ఘట్టం ఇప్పటికీ చూడొచ్చు. తంబురా భుజాన వేసుకుని అడుగు వేస్తున్న ఆ మనిషికి అప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు.