ఊరు విడిచినవాళ్లు తిరిగి రావాలంటే: పత్తికొండలో కన్నుమూసిన థామస్ మన్రో జీవితం



టీవీ వార్తల్లో గుడారాల వరుసలు, నెత్తిన మూటలు, చంకన పసిపిల్లలతో నడిచిపోయే జనం కనిపించగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. వాళ్లు తిరిగి వాళ్ల ఇంటికి ఎందుకు పోరు? సోషల్ క్లాసులో రెఫ్యూజీ అనే మాట వచ్చిన ప్రతిసారీ ఇదే అడుగుతారు. మీ ఇంట్లోనూ అడిగే ఉంటారు.

జవాబు కోసం సిరియా దాకా, సూడాన్ దాకా పోనక్కర్లేదు. రెండు వందల ఏళ్ల కింద మన పత్తికొండ, ఆదోని, గుత్తి పల్లెల్లోనే జనం ఇలా ఊళ్లు విడిచిపోయారు. వాళ్లను మళ్లీ పొలాల్లోకి రప్పించే పని ఒక కలెక్టర్ మీద పడింది. ఆయనే థామస్ మన్రో. మన పెద్దవాళ్ల నోట మన్రోలు దొర. ఆయన కన్నుమూసింది మన పత్తికొండలోనే.

యుద్ధం తరిమిన కుర్రవాడు

మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పుట్టారు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలవగానే ఆ వ్యాపారం కుప్పకూలింది. కళ్లెదుటే ఇల్లు చితికిపోయింది. చదువుకుంటూ, లెక్కలు రాసుకుంటూ సొంత ఊళ్లో బతకాల్సిన కుర్రవాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కొలువు వెతుక్కుని, 1780 జనవరిలో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయన వయసు 18. ఆయన శరణార్థి కాదు. పాలించే కంపెనీ మనిషిగానే వచ్చారు. అయినా ఎక్కడో జరిగే యుద్ధం ఒక కుటుంబాన్ని ఎలా కదిలిస్తుందో ఆయనకు ఇంట్లోనే తెలిసింది.

వచ్చిన ఏడాదే హైదర్ అలీ సైన్యం కర్ణాటక ప్రాంతం మీద విరుచుకుపడింది. పల్లెలు తగలబడ్డాయి. జనం మద్రాసు కోట వైపు పరుగులు తీశారు. వెంటనే కరువు వచ్చింది. ఆ యుద్ధంలో సైనికుడిగా ఉన్న మన్రో యవ్వనమంతా పాడుబడిన ఊళ్ల మధ్యే గడిచింది. హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నారు. 1792 నుంచి సేలం వైపు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ దగ్గర రెవెన్యూ పని నేర్చుకున్నారు. మధ్యలో జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు మాట్లాడుకునే పద్ధతికి పునాది పడింది అక్కడే. దాన్నే మన టెక్స్ట్‌బుక్స్‌లో రైత్వారీ అంటారు.

1800లో మన సీమ ఎలా ఉండేది?

1800లో నిజాం నవాబు తన రక్షణకు ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, పత్తికొండ ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశారు. అందుకే దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు వచ్చింది చాలా తర్వాత, 1928 నంద్యాల సభల్లో.

ఈ నేల విజయనగరం పడిపోయినప్పటి నుంచీ చేతులు మారుతూనే ఉంది. బీజాపూర్ సుల్తానులు, మరాఠాలు, హైదర్, టిప్పు, నిజాం ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ప్రతి ఒక్కరూ శిస్తు అడిగారు. వాళ్ల కింద సుమారు 80 మంది పాళెగాళ్లు. వాళ్ల దగ్గర 30 వేల మంది దాకా ఆయుధాలు పట్టిన బంట్లు. ఒకే పంటకు ఒకసారి సర్కారు మనిషి, ఇంకోసారి పాళెగాడి మనిషి వచ్చి అడిగితే రైతు ఏం చేస్తాడు? ఊళ్ల చుట్టూ గోడలు కట్టుకున్నారు, బురుజులు లేపారు. మన పల్లెల్లో ఇప్పటికీ కనిపించే పాత బురుజులు అందం కోసం కట్టినవి కావు, ప్రాణభయంతో కట్టినవి. గోడ కూడా కాపాడలేనప్పుడు రాత్రికి రాత్రి ఎద్దుల్ని తోలుకుని పొలిమేర దాటి పోయారు. పొలాలు బీళ్లయ్యాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అలా పోయిన కుటుంబానికి దారిలో దొంగల భయం. చేరిన ఊళ్లో నేల లేదు, పూచీ పడేవాడు లేడు. విత్తనాలు దారిలోనే తిండి గింజలైపోతాయి. ఈ రోజు శరణార్థుల గురించి మనం చదివే ప్రమాదాలు ఇవే. దేశాల పేర్లే వేరు.

మన్రో చేసిన పని

మన్రో 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్నారు. అనంతపురం కేంద్రంగా పనిచేసినా ఆ ఏళ్లలో ఎక్కువ కాలం గుడారంలోనే ఉన్నారు. ఊరూరా తిరిగి రైతులను కూర్చోబెట్టి లెక్కలు చూశారు.

మొదట పాళెగాళ్ల ఆయుధాలను అణచివేశారు. తర్వాత, 1802 నుంచి, నేల కొలిపించారు. 33 అడుగుల గొలుసుతో ప్రతి చేనూ కొలిచారు. ఆ కొలతలో 40 చదరపు గొలుసులైతే ఒక ఎకరం. ఏ చేను ఎవరిది, ఎంత, ఎలాంటి నేల, ఎంత శిస్తు అన్నది కాగితం మీదికి వచ్చింది. విత్తనాలకు, ఎద్దులకు, బావులకు తక్కావి అప్పులు ఇప్పించారు. చెరువులకు మరమ్మతులు చేయించారు.

వెళ్లిపోయిన రైతు తిరిగి రావడానికి కావలసింది ఇదే. దొంగలు, బంట్లు మీద పడరన్న ధైర్యం ఉండాలి. నా చేను నాదేనన్న కాగితం ఉండాలి. ఈ ఏడు ఎంత కట్టాలో ముందే తెలియాలి. మొదటి పంట చేతికొచ్చేదాకా తినడానికి, విత్తడానికి ఆసరా ఉండాలి. ఒక్కొక్కటీ సమకూరిన కొద్దీ జనం వచ్చారు, బీళ్లు మళ్లీ చేలయ్యాయి.

నాణేనికి రెండో వైపు

మహనీయుల కథల్లో మంచి మాత్రమే చెబితే పిల్లలకు చరిత్ర రాదు. కంపెనీ ఈ ఖర్చంతా దయతో పెట్టలేదు. బీడు పొలం శిస్తు కట్టదు కాబట్టి పెట్టింది. మనకు దగ్గరలోనే, దేవనకొండ మండలంలోని తెర్నేకల్ గ్రామస్థులు 1801లో శిస్తు కట్టబోమని ఎదురు తిరిగితే కంపెనీ సైన్యం వచ్చి ఊరి కోట మీద పడింది. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. ఊరి పెద్ద ఉరికంబం ఎక్కాడని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాళెగాళ్ల విషయంలో మన్రో కఠినంగా వెళ్లారని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. స్థానం పోయిన పాళెగాళ్ల కుటుంబాల అసంతృప్తి చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఆ నేల మీదే పుట్టింది.

శిస్తు కూడా ఎక్కువే. అది మన్రోకూ తెలుసు. 1807లో వెళ్లిపోయే ముందు నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశారు. ప్రభుత్వం వినలేదు. పైగా రైత్వారీ తీసేసి ఊళ్లను గుత్తకు ఇచ్చింది. గుత్తదారులు పిండుకున్నారు. చాలామంది గుత్తదారులూ నష్టపోయారు, రైతులూ నలిగిపోయారు. మన్రో 1820లో మద్రాసు గవర్నర్ అయ్యాక మళ్లీ రైత్వారీ వచ్చింది, ఆ నాలుగో వంతు తగ్గింపూ వచ్చింది. మధ్యలో పోయిన 13 ఏళ్లు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. రప్పించడం ఒక పని, వచ్చినవాళ్లను నిలబెట్టడం ఇంకో పని. రెండోది చేయకపోతే మొదటిది నిలవదు.

బడుల లెక్క తీసిన గవర్నర్

తల్లిదండ్రులుగా మీకు నచ్చే సంగతి ఒకటి. 1822లో గవర్నర్ మన్రో మద్రాసు రాజధానిలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఆదేశించారు. 1826 నాటికి తేలిన లెక్క: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అప్పటి జనాభా కోటీ 28 లక్షలకు పైనే. ఆడపిల్లలు బడిలో చాలా తక్కువ. ఇది చాలదని ప్రతి జిల్లాలో, ప్రతి తహసీలులో సర్కారు బడులు పెట్టాలని ఆయన ప్రతిపాదించారు. పని పూర్తి కాకముందే కన్నుమూశారు.

పత్తికొండలో చివరి రోజు

1827లో పదవి దిగి ఇంగ్లండ్ వెళ్లే ఏర్పాట్లు జరుగుతున్నాయి. భార్య జేన్ ముందే వెళ్లిపోయారు. పోయే ముందు తను పనిచేసిన దత్త మండలాలను ఒకసారి చూడాలని మన్రో మే చివరలో మద్రాసు నుంచి బయలుదేరారు. దారిలో ఆయన బృందంలో కలరా సోకి కొందరు చనిపోయారు. జూలై 6న పత్తికొండ చేరాక ఉదయం ఆయనకూ సోకింది. రాత్రికి ప్రాణం పోయింది. వయసు 66. గుత్తిలో సమాధి చేసి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో రాతి మెట్ల బావి తవ్వించారు, చెట్ల తోపు నాటించారు. గుత్తిలో సత్రం వెలసింది. సీమలో కొన్నాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

కలరా నీటి ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1854లో లండన్‌లో డాక్టర్ జాన్ స్నో ఆ సంగతి చూపించాడు. ఇప్పుడు అందరికీ తెలుసు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మన మెడికల్ షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. అయినా శరణార్థి శిబిరాల్లో కలరా ఇప్పటికీ చంపుతోంది. 1994 జూలైలో రువాండా మారణకాండ తర్వాత లక్షల మంది సరిహద్దు దాటి గోమా పట్టణానికి చేరారు. శుభ్రమైన నీళ్లు లేక కలరా, జిగట విరేచనాలతో తొలి నెలలోనే సుమారు 50 వేల మంది చనిపోయారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలని సహాయ సంస్థలు ఇప్పుడు పెట్టుకున్న కొలత అలాంటి అనుభవాల నుంచే గట్టిపడింది. ఒక గవర్నర్ పేరిట బావి తవ్వడం ఎంత సరైన పనో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ రోజు లెక్క

ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి యుద్ధం, హింస, వేధింపుల వల్ల ఇల్లు వదిలినవాళ్లు 12 కోట్లకు పైనే. పదిమందిలో నలుగురు పిల్లలు. సగానికి మించి సొంత దేశంలోనే ఇంకోచోట తలదాచుకుంటున్నారు. 2014 నుంచి మధ్యధరా సముద్రం దాటబోయి 30 వేల మందికి పైగా చనిపోయారు, కనిపించకుండా పోయారు. దారిలో మనుషుల్ని అమ్ముకునే దళారులు కాచుకుని ఉంటారు. ఆడపిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో ముఖ్యమైన సూత్రం ఒకటుంది. ప్రాణాపాయం ఉన్న చోటికి మనిషిని బలవంతంగా తిప్పి పంపకూడదు. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. అయినా 1959 నుంచి టిబెటన్లకు, 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి ఆశ్రయమిచ్చింది. తెలుగువాళ్లకూ ఈ బాధ కొత్త కాదు. 1942లో జపాన్ దాడులకు బర్మా నుంచి మనవాళ్లు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

ఇంట్లో పిల్లలతో

ముందు మాటల తేడా చెప్పండి. మన పల్లెల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయేవాళ్లు వలస కూలీలు, ఇంగ్లిష్‌లో మైగ్రెంట్స్. వాళ్ల కష్టం పెద్దదే, పిల్లల చదువూ ఆగిపోతుంది. అయినా పండక్కి ఇంటికి రాగలరు. రెఫ్యూజీకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. వస్తే ప్రాణం మిగలదు.

తర్వాత ఒక చిన్న పని ఇవ్వండి. రేపు ఊరు వదలాల్సి వస్తే ఒక సంచిలో ఏం పెట్టుకుంటావో రాయమనండి. బొమ్మలు, బట్టలు రాస్తారు. ఆధార్ కార్డు, పొలం పట్టా, స్టడీ సర్టిఫికెట్, నానమ్మ బీపీ మాత్రలు, నీళ్ల బాటిల్ రాశారేమో చూడండి. రాయకపోతే ఎందుకు కావాలో మీరు చెప్పండి. ఆ లిస్టు పిల్లలతో క్లాసుకు పంపండి, అందరం కలిసి చదువుకుంటాం.

సుగ్గికి పోయి వచ్చిన పిల్లవాడో, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పాపో మీ పిల్లల పక్క బెంచీలో కూర్చుంటే, ఎందుకొచ్చావు అని అడగొద్దని చెప్పండి. ఆగిపోయిన నోట్స్ ఇమ్మని చెప్పండి.